నోటుబుక్కులో రెండో సగం

కళ్లద్దాల షాపు, వెనక గది
జూన్ 6

వదినా,

ఇలా పిలవడానికి నాకింకా నోరు తిరగడం లేదు. పదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే రబ్బరుతో ఇద్దరి తప్పులూ చెరుపుకున్నవాళ్లం. మా అన్నయ్యను చేసుకున్నావని ఇప్పుడు వరస మార్చమంటే ఎలా? సరే, నేను మార్చాను. నువ్వు మాత్రం నన్ను పిడుగనే పిలువు. మాస్టారు పెట్టిన పేరు, అది మారడానికి వీల్లేదు.

నువ్వు వెళ్లిన మర్నాడే మాస్టారి నోటుబుక్కు పట్టుకుని బైండింగ్ ఆయన దగ్గరికి వెళ్లాను. "ఇంత పుస్తకాన్ని నడిమికి కొయ్యమంటావేంటమ్మా, అన్నదమ్ముల పంపకాలా?" అన్నాడు. వదినా మరదళ్ల పంపకాలన్నాను. ఏ నుంచి ఎల్ దాకా నాకు, ఎమ్ నుంచి జెడ్ దాకా నీకు. నీ సగం ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో వస్తుంది. అనువాదకుల పరీక్షలో ఇరవై ఏళ్లుగా అడిగిన ఇంగ్లీషు మాటలన్నీ అందులో ఉన్నాయి. ట్యుటోరియల్ మూసేస్తూ మనిద్దరికీ కలిపి ఒక్కటే ఇచ్చారాయన. మాటేమో ఎర్ర సిరాతో ఇంత లావున, దాని అర్థమేమో కింద ఇంగ్లీషులో చీమలు పాకినట్టు. ఆయనా అంతే కదా, పిలుపు పెద్దది, మాట సన్నం.

పద్ధతి ఆయన చెప్పిందే. డిక్షనరీలో చూసి నేర్చుకున్న మాట పరీక్ష హాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది, మనిషి దగ్గర నేర్చుకున్నదే లోపలికి వస్తుంది అనేవారు. అందుకని పదిహేను రోజులకోసారి నా సగంలోంచి నేను ఇరవై, నీ సగంలోంచి నువ్వు ఇరవై. అర్థం తెలుగులో, దాంతో ఒక వాక్యం. ఆ వాక్యం మన ఇంట్లో నిజంగా జరిగినదై ఉండాలి. ఒకరు పంపిన మాటను ఇంకొకరు డిక్షనరీలో సరిచూడకూడదు. నీ మాటను నేను అనుమానించను, నా మాటను నువ్వు అనుమానించకు.

ఉన్నది ఒక్కటే పోస్టు. వచ్చే ఏప్రిల్‌కి నాకు ముప్పై ఐదు నిండుతాయి, ఆ తర్వాత దరఖాస్తు కూడా తీసుకోరు. నీకింకా మూడు ఛాన్సులున్నాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. నువ్వు కూడా ఈసారి రాస్తున్నావా? రాస్తే రాశావు, ఇద్దరం కలిసే చదువుదాం. చెప్పు చాలు.

మొదటి ఇరవై మాటలు వెనక పేజీలో.

పిడుగు

*

పంపుహౌసు క్వార్టర్లు, మూడో నంబరు
జూన్ 21

పిడుగూ,

ఈసారి నేను రాయడం లేదు. కొత్త కాపురం, కొత్త గోడలు, ఎక్కడ ఏ డబ్బా ఉందో తెలియడానికే ఆరు నెలలు పట్టేట్టుంది. ఈ ఏడాది ఒరా నీదే, కత్తీ నీదే. నేను సాన పడతాను.

ఇల్లు బాగానే ఉంది. పక్కనే నీళ్లు తోడే మోటార్లు ఉంటాయి కాబట్టి గోడలు ఎప్పుడూ సన్నగా అదురుతుంటాయి. గ్లాసులు పక్కపక్కన పెడితే వాటిలో అవే కబుర్లాడుకుంటాయి. మోటారు ఆగినప్పుడు మాత్రం చెవులు బరువెక్కినట్టుంటుంది. మీ అన్నయ్యకు మూడు షిఫ్టులు. ఇంటికొస్తే నిద్ర, లేస్తే షిఫ్టు. ఫోను ఆఫీసులో ఉంది, అది నీళ్లు రాలేదని తిట్టేవాళ్లకే సరిపోతుంది. అందుకని ఉత్తరాలే మనకు గతి. కింద దర్జీ ఉన్నాడు. బట్టలకు అంచులు కుట్టిపెట్టమన్నాడు, ఊసుపోతుందని ఒప్పుకున్నాను.

ఇక మాటలు. మొదటిది రెటిసెంట్. అంత తొందరగా నోరు విప్పని మనిషి. వాక్యం: మా ఆయన ఎంత రెటిసెంట్ అంటే, పెళ్లయిన నాలుగో రోజున నాతో అన్న మొదటి పెద్ద మాట "స్విచ్చు ఆ పక్కనుంది." నవ్వకు, నిజంగా జరిగింది.

తక్కిన పంతొమ్మిదీ ఈ కాగితం వెనక. మొత్తం ఒప్పజెప్పుకుని నాకు రాయి.

నీ వదిన (రాయడానికి నాకూ నవ్వొస్తోంది)

*

కళ్లద్దాల షాపు, వెనక గది
ఆగస్టు 9

వదినా,

నీ మాటలు ఎనభై అయ్యాయి, ఎనభైకి ఎనభై నోటికొచ్చాయి. పొద్దున అద్దాలు అరగదీస్తూ పైకి చదువుకుంటుంటే మా ఓనరు సోడాబుడ్డిగారు "ఎవరినమ్మా తిడుతున్నావు?" అని అడిగాడు. పాపం, ఆ లావాటి కళ్లద్దాలు నలభై ఏళ్లుగా మోస్తున్నాడు.

నాకు పని పెరిగింది. ఇప్పుడు ఫ్రేముకు తగ్గట్టు అద్దం అంచు అరగదీయడమే కాదు, వచ్చినవాళ్లను బోర్డు ముందు కూర్చోబెట్టి అక్షరాలు చదివించడం కూడా నాదే. ఎవరికి ఏ వరస దగ్గర తడబాటు మొదలవుతుందో వాళ్ల కంటే ముందు నాకే తెలిసిపోతోంది.

ఒక్క ఫిర్యాదు. నీ అక్షరాలు రోజురోజుకీ గుమ్మడికాయలవుతున్నాయి. పేజీకి ఆరు లైన్లు, అవి కూడా పక్కకు జారి ఏట్లో పడుతున్నట్టుంటున్నాయి. మొగుడి ఇంట్లో కాగితాలు ఊరికే వస్తున్నాయా? ముత్యాల్లాంటి రాత, ఎవరి దిష్టి తగిలిందో. కాస్త కుదురుగా కూర్చుని రాయి.

పిడుగు

*

పంపుహౌసు క్వార్టర్లు
సెప్టెంబర్ 2

పిడుగూ,

గుమ్మడికాయలు బాగున్నాయి. రెండుసార్లు చదువుకుని నవ్వుకున్నాను. గోడలు అదురుతుంటే రాత మాత్రం అదరదా?

నాదీ ఒక ఫిర్యాదు. నీ రాత మరీ చీమకాళ్లు. ఆ నీలం సిరా మానేసి నల్ల సిరాతో, కాస్త లావుగా రాయి. ఇక్కడి బల్బు గుడ్డిది. మీ అన్నయ్యకు చెప్పాను, మారుస్తానన్నాడు.

అంచులు కుట్టడం మానేశాను. విసుగొచ్చింది. సూదిలో దారం ఎక్కించడం దగ్గరే పొద్దు గడిచిపోతోంది.

ఈసారి మాటలు పద్నాలుగే. రెస్టివ్ అంటే విశ్రాంతిగా, నెమ్మదిగా ఉండటం. వాక్యం: ఆదివారం మీ అన్నయ్య మధ్యాహ్నం దాకా రెస్టివ్‌గా పడుకుని, లేచి, ఇవాళ ఆదివారమా అని అడిగాడు.

నాయిసమ్, గోల చేసేది. మా మోటార్లు నాయిసమ్. ఇంతకంటే నిజమైన వాక్యం ఈ క్వార్టర్లలో దొరకదు.

తక్కినవి వెనక.

వదిన

*

కళ్లద్దాల షాపు
నవంబర్ 14

వదినా,

పరీక్ష ఫిబ్రవరి పదకొండున. ప్రకటన గోడ మీద అంటించారు.

నీకు నల్ల సిరాతో రాస్తున్నాను, చూశావుగా. కానీ నీ దగ్గర్నుంచి పోయినసారి వచ్చినవి ఎనిమిది మాటలు. అంతకుముందు తొమ్మిది. ఇరవై అనుకున్నాం. నేను ఏనాడైనా ఒకటి తగ్గించానా? రోజంతా ఇంట్లోనే ఉంటావు, కుట్టుపని కూడా మానేశావు. తింటే ఆయాసం, తినకపోతే నీరసం అన్నట్టుంది నీ వరస. నాకు మళ్లీ ఛాన్సు లేదని నీకు గుర్తు చేయాలా?

పోనీ ఒక నవ్వు చెప్తాను. మొన్న ఒక ముసలమ్మ వచ్చింది, కోడలు బలవంతాన తీసుకొచ్చింది. బోర్డు మీద వరసలన్నీ గడగడా చదివేసింది. నాకెందుకో అనుమానం వచ్చి బోర్డు తిప్పేశాను. తిప్పినా అదే పాట. ముందు కూర్చున్న మనిషి చదువుతుంటే విని బట్టీ పట్టేసిందమ్మా. "అద్దాలు పెడితే ముసలిదాన్నని తెలిసిపోదూ" అంది. నా దగ్గరా ఈ వేషాలు? కళ్ల విషయంలో నన్ను ఏమార్చేవాళ్లు ఇంకా పుట్టలేదని చెప్పాను.

ఇరవై పంపు.

పిడుగు

*

పంపుహౌసు క్వార్టర్లు
డిసెంబర్ 3

పిడుగూ,

ఇరవై పంపుతున్నాను. లెక్కపెట్టుకో.

ముసలమ్మ సంగతి చదివాను. ఆమె మీద కోప్పడకుండా నెమ్మదిగా చెప్పావా? చెప్పే ఉంటావు.

మెరిట్రీషియస్ అంటే ప్రతిభ గల మనిషి. వాక్యం: మా పిడుగు మెరిట్రీషియస్. పల్క్రిట్యూడ్ అంటే వికారం. దీనికి వాక్యం దొరకలేదు, ఇంట్లో వికారమైనదేదీ లేదు, నన్ను మినహాయిస్తే.

ఇక్కడ సాయంత్రం తొందరగా వచ్చేస్తోంది. నాలుగింటికే దీపం వేసుకుంటున్నాను.

ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు. ఈ మాటలన్నీ అయిపోయాక, పరీక్ష కూడా అయిపోయాక, నాకు ఉత్తరాలు రాస్తావా? పని లేకుండా, ఊరికే. మోటారు ఆగినప్పుడు ఇల్లు బోసిపోతుంది, అందుకని అడిగాను.

వదిన

*

కళ్లద్దాల షాపు
జనవరి 5

వదినా,

ముందు పరీక్ష కానీ. కబుర్లు ఎక్కడికి పోతాయి? ఇప్పుడు నాకు మాట ఒక్కటే కావాలి, ఇంకేదీ బుర్రకెక్కదు. మోటారు సంగతీ సాయంత్రం సంగతీ వద్దు. ఒక కాగితం నిండా మాటలు, అర్థాలు, అంతే. వాక్యాలు కూడా అక్కర్లేదు, టైము లేదు.

పిడుగు

*

కళ్లద్దాల షాపు
ఫిబ్రవరి 12

వదినా, నా బంగారు వదినా,

రాసేశాను. నిన్నంతా కాగితం మీంచి కలం ఎత్తలేదు. వంద మాటలడిగాడు. అందులో అరవై దాకా నీ సగంలోవే. రెస్టివ్ వచ్చింది, మెరిట్రీషియస్ వచ్చింది, నాయిసమ్ వచ్చింది, నీ మోటార్లు గుర్తొచ్చి హాల్లో నవ్వేశాను. ఆ కాపలా ఆవిడ గుడ్లురిమి చూసింది. పక్కనమ్మాయి గోళ్లు కొరుక్కుంటోంది. నేను ఒక్క మాట దగ్గర కూడా ఆగలేదు, తెలుసా? అన్నీ నీ గొంతులోనే వినపడ్డాయి.

ఆఫీసు వరండాలోంచి అనువాదకుల గది కనపడింది. కిటికీ పక్క ఒక బల్ల, దాని మీద దుమ్ము. అది నా బల్లే. దుమ్ము తుడిచేది నేనే. ముప్పై ఐదేళ్లకు ఒకరి ముఖానికి అద్దం సరిచేసే పని కాకుండా నాకంటూ ఒక కుర్చీ. నీ వల్లే.

పిడుగు

*

పంపుహౌసు క్వార్టర్లు
ఫిబ్రవరి 25

పిడుగూ,

ఎంత సంతోషమో. రిజల్టు వచ్చిన రోజే రాయి. అందరికంటే ముందు నాకే రాయి.

వదిన

*

కళ్లద్దాల షాపు
ఏప్రిల్ 17

వదినగారికి,

నాలుగు మార్కుల్లో పోయింది. ఇక దరఖాస్తు పెట్టే అర్హత కూడా లేదు, మొన్ననే ముప్పై ఐదు నిండాయి.

మొదట నా ఖర్మ అనుకున్నాను. తర్వాత లైబ్రరీకి వెళ్లి, ఇన్నాళ్లలో మొదటిసారి, పెద్ద డిక్షనరీ తీశాను. నా మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీ మాటలు చూశాను. రెస్టివ్ అంటే విశ్రాంతి కాదు, కుదురు లేకపోవడం. నాయిసమ్ అంటే గోల కాదు, కంపు. మెరిట్రీషియస్ అంటే పైపై తళుకు, లోపల ఏమీ లేనిది. అది నన్నే అన్నారు మీరు. పల్క్రిట్యూడ్ అంటే అందం. పేపర్లో వచ్చినవాటిలోనే పదకొండు తప్పులు. పదకొండు.

మాస్టారి రాతలో అర్థాలు సరిగ్గానే ఉంటాయి. పుస్తకం మీ చేతిలోనే ఉంది. ఎదురుగా ఉన్నది చూసి రాయడానికి ఏం కష్టం? నేను డిక్షనరీ తెరవనని మీకు తెలుసు. నా మాట మీద నేను నిలబడతానని తెలిసే చేశారు. నువ్వు కావాలనే చేశావు. నీకింకా రెండు ఛాన్సులున్నాయి. నేను పాసైతే ఆ కుర్చీ నిండిపోతుంది, నేను పోయాను, ఇంకెవరూ పాసవలేదు, అది ఖాళీగానే ఉంది. ఒక ఒరలో రెండు కత్తులని మొదటి ఉత్తరంలో నేనే రాశాను, నీకు బాగా పనికొచ్చింది.

ఇక రాయకండి.

*

పంపుహౌసు క్వార్టర్లు
ఏప్రిల్ 29

చెల్లాయ్,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇరవయ్యో తారీకు పగలు పన్నెండింటికి షిఫ్టు దిగి వచ్చాను. మీ వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది, చేతిలో నీ కవరు. విప్పింది గానీ చదవలేదు. "ఏమండీ, కాళ్లు తర్వాత కడుక్కుందురు, ముందు ఇది చదివిపెట్టండి. రిజల్టు వచ్చినట్టుంది" అంది.

"నీ ఉత్తరం నేనెందుకు చదవడం?" అన్నాను.

"నాకు అక్షరాలు కనపడటం లేదండి" అంది. ఇంట్లో అగ్గిపెట్టె అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నాకు అర్థం కాలేదు. ఎప్పట్నుంచి అని అడిగాను. "అవన్నీ తర్వాత చెప్తాను. పిడుగు పాసయిందన్న మాట మీ నోట వినాలి. చదవండి" అని చేతులు తుడుచుకుని నేల మీద కూర్చుంది.

నేను చదివాను. ముందు చూసుకోకుండా పైకి చదవడం మొదలుపెట్టాను. నాలుగు మార్కుల దగ్గర ఆమె "అయ్యో" అంది. "నువ్వు కావాలనే" అన్నచోట ఆగాను. "ఆపకండి" అంది. చివరిదాకా చదివాను. నువ్వు రాసిన మాటలు నేను నా నోటితో ఆమెను అన్నాను, చెల్లాయ్. అది ఇంకెవరికీ రాకూడదు.

అయ్యాక అడిగింది, "పదకొండన్నదా?"

"పదకొండు."

"మిగతావి ఒప్పేనా మరి?"

ఒప్పే అయుంటాయన్నాను. తల ఊపి, ఉత్తరం మడిచి, తక్కినవాటితో పాటు పెట్టమంది.

మర్నాడు సెలవు పెట్టి పెద్దాస్పత్రికి తీసుకెళ్లాను. కంటి వెనక పొర పాడైందట. చూపు మధ్యలో మచ్చలాగా మొదలై పెరుగుతుందట. పక్కల కనపడుతుంది కాబట్టి ఇంట్లో తిరుగుతుంది, పని చేసుకుంటుంది, చదవలేదు. ఇక పక్కలు కూడా తగ్గుతాయట. అద్దాలతో పోయేది కాదన్నారు. ఎనిమిది నెలల ముందు వచ్చుంటే ఉన్నదాన్నయినా నిలబెట్టేవాళ్లమన్నారు.

ఎనిమిది నెలల ముందంటే ఆగస్టు. ఇంటికొచ్చాక నీ ఉత్తరాలన్నీ వరసగా చదివించుకుంది. ఆగస్టు ఉత్తరంలో గుమ్మడికాయలన్నావు. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నిన్ను ఒక్కదాన్నే అనడం లేదు. నువ్వు ఎక్కడో ఉన్నావు. నేను అదే గదిలో ఉన్నాను. బల్బు మార్చమంటే మూడుసార్లు మార్చాను, ఎందుకని అడగలేదు.

అన్నయ్య

*

కళ్లద్దాల షాపు
మే 3

అన్నయ్యా, ఇది వదినకు చదివిపెట్టు.

వదినా, శనివారం బస్సుకు వస్తున్నాను. షాపులో చెప్పేశాను. ఏం రాయాలో తెలియడం లేదు. రోజుకు పాతికమందిని బోర్డు ముందు కూర్చోబెడతాను. అక్షరం ఎందుకు లావవుతుందో, లైను ఎందుకు జారుతుందో, సూదిలో దారం ఎందుకు ఎక్కదో, వీధిలో వెళ్లే ఎవరినడిగినా చెప్తారు. నాకు తెలియలేదు. నీ ఉత్తరాల్లో మాటలే చూశాను, నిన్ను చూడలేదు.

వచ్చి మాట్లాడతాను.

పిడుగు

*

పంపుహౌసు క్వార్టర్లు
మే 6

పిడుగూ,

నేను చెప్తుంటే మీ అన్నయ్య రాస్తున్నారు. ఆయన రాత నీకు తెలుసుగా, కాస్త ఓపిక పట్టు.

రావద్దు. కోపంతో అనడం లేదు. ఇప్పుడొస్తే నువ్వు ఏడుస్తావు, నిన్ను ఊరుకోబెట్టాల్సింది నేను. అంత ఓపిక ఇప్పుడు లేదు. పొయ్యి ఎక్కడుందో, మెట్లు ఎన్నున్నాయో, ఏ డబ్బాలో ఏముందో చేతులకు నేర్పుకుంటున్నాను. నిన్న టీ పెట్టాను. మొదటి గ్లాసు ఒలికింది. రెండోది ఆయన చేతికిచ్చాను. బాగుందన్నారు. తర్వాత నేను తాగితే చక్కెరే లేదు.

ఇక ఆ పదకొండు మాటల సంగతి. నా కళ్ల మీదికి తోసెయ్యకు. జూన్‌లో బాగానే కనపడింది. జూలైలో మాట మధ్యలో మసక వచ్చింది. ఆ తర్వాత మాస్టారి ఎర్ర సిరా మాట కనపడేది, పక్కకు తిప్పి తిప్పి చూస్తే. కింద అర్థం కనపడేది కాదు. మొదట్లో చాలావరకు గుర్తున్నవే రాశాను. అవి అయిపోయాక, మాట వాలకం చూసి ఊహించి రాశాను. ఊహిస్తున్నానని నాకు తెలుసు. తెలియదు అని రాయొచ్చు. రాయలేదు.

ఎందుకంటే రెండు కారణాలు. చెబితే నువ్వు పుస్తకం మూసి బస్సెక్కి వచ్చేస్తావు, ఆఖరి ఛాన్సు పోతుంది. ఇది నలుగురికీ చెప్పుకోదగ్గ కారణం. రెండోది చెప్పుకోదగ్గది కాదు. మాటలున్నంత కాలమే నీకు నాతో పని అనుకున్నాను. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది నీ ఉత్తరం ఒక్కటే. (ఇది రాయనా అని ఆయన అడిగారు. రాయమన్నాను.) తెలియదు అని రెండుసార్లు రాస్తే నువ్వు డిక్షనరీ కొనుక్కుంటావు, ఉత్తరాలు ఆగిపోతాయి. డిసెంబర్‌లో ఒకసారి అడిగి చూశాను. ముందు పరీక్ష కానీ అన్నావు. న్యాయమే. కానీ దాంతో నాకు భయం ఎక్కువైంది, ఆ తర్వాత కూడా ఇరవైకి ఇరవై పంపాను.

కావాలని చేశావన్నావు. నువ్వన్న కారణానికి కాదు. ఆ కుర్చీ మీద నాకు ఆశ లేదు. కానీ నీ పరీక్ష పోగొట్టింది నా కళ్లు కాదు, నేను. గుడ్డిది కదా అని జాలిపడి క్షమించకు. నాకు ఇక మిగిలినవి కొన్నే, అందులో నా తప్పు ఒకటి, దాన్ని నా పేరు మీదే ఉండనీ.

టీ ఒలకకుండా తెచ్చి నీ చేతికివ్వగలిగిన రోజున పిలుస్తాను. అప్పుడు రా.

వదిన

*

కళ్లద్దాల షాపు, వెనక గది
మే 19

అన్నయ్యా, మధ్యలో ఆగకుండా చదువు.

వదినా,

రావద్దన్నావు, రాను. టిక్కెట్టు చింపేశాను.

కోపం పోయిందని రాస్తే నువ్వు నమ్మవు. పోలేదు. మొన్న అనువాదకుల ఆఫీసు వీధిలోంచి వెళ్లాల్సి వచ్చి, సందు చుట్టూ తిరిగి వెళ్లాను. నా సగం నోటుబుక్కు ట్రంకుపెట్టె అడుగున పెట్టి ఏడ్చాను. నీ మీద కోపంతో కొంత ఏడ్చాను, నీ కోసం కొంత, నా కోసం ఎక్కువ. ఇలాంటివి నేను ఎప్పుడూ నీకే చెప్పుకున్నాను, ఇప్పుడు కూడా వేరే మనిషి ఎవరూ లేరు. అదే బాధ. నిన్ను తిట్టుకుంటూ ఇంటికొస్తే, వదినకు చెప్పాలి ఈ మాట అనిపిస్తుంది.

నేను రాసిన ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకోలేను. క్షమించు అన్న మాట అన్నయ్య గొంతులో నీకు వినిపించడం నాకిష్టం లేదు. అది నేనే అంటాను, నీ ఎదురుగా.

ఇక్కడ సంగతులు. సోడాబుడ్డిగారు కళ్లద్దాలు పోయాయని షాపంతా వెతికించి, మమ్మల్నందరినీ అనుమానించి, చివరికి నెత్తి మీదున్నాయని కనుక్కున్నాడు. కనుక్కుని "ఎవరిక్కడ పెట్టింది?" అని మమ్మల్నే కేకలేశాడు. ఎదురు మేడ మీద ఎవరో హార్మోనియం నేర్చుకుంటున్నారు. మూడు నెలలుగా అదే మొదటి వరస, ఇంకా రెండో వరసకు రాలేదు. ఈరోజు వాన కురిసి, వీధి చివర గుంటలో నీళ్లు నిలిచి, ఒక పెద్దమనిషి చెప్పులు చేత్తో పట్టుకుని దాటబోయి, అవతలికెళ్లాక చూస్తే ఒక్క చెప్పే ఉంది. మేమంతా షాపు గుమ్మంలో నిలబడి రెండోదాన్ని వెతికిపెట్టాం.

ఈ ఉత్తరంతో పనేమీ లేదు. ఊరికే రాశాను. గురువారం మళ్లీ రాస్తాను, అప్పుడు కూడా పనేమీ ఉండదు.

పిలిచేదాకా రాను వదినా. కొంచెం ఒలికినా పర్వాలేదు. త్వరగా పిలువు.

పిడుగు